ఎవరి ఇంటిపేరు వాషింగ్టన్?

2000 సంవత్సరంలో అమెరికా జనాభా లెక్కలు తీసినప్పుడు వాషింగ్టన్ అన్న ఇంటిపేరుతో 1,63,036 మంది తేలారు. వాళ్లలో 1,46,520 మంది నల్లవారు. తెల్లవారు 8,813 మందే. ఆ దేశంలో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేర్లలో ఇంత ఎక్కువ శాతం నల్లవారికి చెందినది మరొకటి లేదు. దీని తర్వాతిది జెఫర్సన్. ఆ పేరున్న ప్రతి నలుగురిలో ముగ్గురు నల్లవారు.

ఒక దేశపు తొలి అధ్యక్షుడి పేరది. డాలరు నోటు మీద ఉండేది ఆయన బొమ్మే. రాజధానికీ, పడమటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాష్ట్రానికీ, ముప్ఫైకి పైగా కౌంటీలకూ అదే పేరు. ఆయన తోటల్లో, పొలాల్లో వందల మంది బానిసలు పనిచేశారు. ఆయనకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. అలాంటి మనిషి ఇంటిపేరు ఇంత మంది నల్లవారి ఇళ్లకు ఎలా చేరింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే అమెరికా నుంచి మొదలుపెడితే కుదరదు. ఇంగ్లండ్ ఈశాన్య మూలన, వేర్ నది పక్కనున్న ఓ పల్లెకు, ఎనిమిది వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

నాలుగు వేటకుక్కల కౌలు

డరమ్ బిషప్ హ్యూ ద ప్యూయిసే 1183లో తన అధీనంలోని భూములకు లెక్క రాయించాడు. 1086లో రాజు దేశమంతా తీయించిన డూమ్స్‌డే బుక్‌లో డరమ్ సీమ చేరలేదు. అక్కడ రాజు తర్వాత రాజంతటివాడు బిషప్పే. ఆయన రాయించిన చిట్టాను బోల్డన్ బుక్ అంటారు. ఏ ఊళ్లో ఎవరున్నారు, శిస్తు ఎంత కడతారు, బిషప్ పొలంలో ఎన్ని రోజులు వెట్టి చేస్తారు, కోళ్లు ఎన్ని, గుడ్లు ఎన్ని ఇచ్చుకోవాలి, అన్నీ అందులో పద్దులుగా ఉంటాయి.

ఆ పద్దుల్లో ఒకటి విలియమ్ డి హార్ట్‌బర్న్ అనే ఆసామిది. ఆయన హార్ట్‌బర్న్ అనే ఊరిని బిషప్‌కు వదిలేసి, దానికి బదులు వాషింగ్టన్ ఊరు పుచ్చుకున్నాడు. చర్చీ, చర్చి మాన్యమూ మాత్రం ఇందులోకి రావు. ఏటా నాలుగు పౌండ్లు కట్టాలి. బిషప్ పెద్ద వేటకు బయల్దేరినప్పుడు నాలుగు గ్రేహౌండ్ కుక్కలను వెంటబెట్టుకుని హాజరు కావాలి. అంతే ఒప్పందం. భూమి మారింది కనుక పేరూ మారింది. హార్ట్‌బర్న్ వారు వాషింగ్టన్ వారయ్యారు.

ఆ కాలంలో అక్కడ ఇంటిపేరు ఇంకా గట్టిపడలేదు. మనిషి ఏ ఊరిని ఏలుకుంటే ఆ ఊరి పేరుతో పిలిచేవారు. తెలుగువారికి ఇందులో వింతేమీ కనిపించదు. గురజాడ అప్పారావు గారి బతుకంతా విజయనగరంతో ముడిపడి ఉన్నా ఆయన ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని ఊరిది. పూర్వులు ఊరు విడిచి వచ్చారు, ఊరి పేరు మాత్రం వెంట వచ్చింది. వాషింగ్టన్ వారి విషయంలోనూ అదే జరిగింది. రెండు మూడు తరాలు గడిచాక ఆ పల్లెలో అడుగుపెట్టని కొడుకులు, మనవలు కూడా వాషింగ్టన్ వారిగానే పెరిగారు. ఊరి పేరు వంశం పేరై నిలిచింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ వంశానికి మూలపురుషుడైన విలియమ్‌కు వాషింగ్టన్ అన్నది తండ్రి నుంచి రాలేదు. ఒక మార్పు కోరుకుని, ఒప్పందం చేసుకుని, తెచ్చుకున్న పేరది. ఆరు వందల ఎనభై ఏళ్ల తర్వాత అమెరికాలో ఎంతో మంది ఈ పేరును అలాగే తెచ్చుకున్నారు. వాళ్లకు ఒప్పందం రాసిచ్చే బిషప్ మాత్రం లేడు.

ఊళ్లో ఉన్న పెద్ద శాఖకు 14వ శతాబ్దం చివరికల్లా మగసంతు ఆగిపోయింది. ఆడపిల్ల పెళ్లితో భూమి వేరే ఇంటికి పోయింది. ఆ తర్వాత చేతులు మారి, మళ్లీ డరమ్ బిషప్ దగ్గరికే వచ్చింది. ఇప్పుడక్కడ కనిపించే వాషింగ్టన్ ఓల్డ్ హాల్ చాలావరకు 17వ శతాబ్దపు కట్టడం. 19వ శతాబ్దంలో చుట్టూ బొగ్గు గనులు వచ్చాక ఆ భవనాన్ని వాటాలుగా చీల్చి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చారు. 1930లలో మనుషులు ఉండటానికి పనికిరాదని తేల్చేశారు. కూల్చేయకుండా 1936లో అడ్డుపడింది ఊరి బడిపంతులు ముందుండి నడిపిన ఒక కమిటీ. 1977 మేలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ పల్లెకు వచ్చి మొక్క నాటి వెళ్లాడు.

ఉన్ని వ్యాపారి

పెద్ద శాఖ ఎండిపోయినా పక్క కొమ్మలు బతికాయి. ఈ పేరుగల జాన్ వెసింగ్టన్ 1416 నుంచి 1446 దాకా డరమ్ కెథడ్రల్ మఠానికి పెద్దగా ఉన్నాడు. మరో కొమ్మ పడమటి వైపు వెస్ట్‌మోర్లండ్‌కు, అక్కడి నుంచి లాంకషైర్‌లోని వార్టన్‌కు పాకింది. ఈ ఇంటివాళ్ల గుర్తు ఒక డాలు బొమ్మ: తెల్లని నేల మీద రెండు ఎర్ర అడ్డపట్టీలు, వాటిపైన మూడు ఎర్ర నక్షత్రాలు. వార్టన్ చర్చిలో ఇది రాతి మీద కనిపిస్తుంది. యార్క్‌షైర్‌లోని సెల్బీ చర్చి కిటికీలో రంగు అద్దాల్లో కనిపిస్తుంది. అమెరికా జెండాలోని చారలు, నక్షత్రాలు ఇక్కడి నుంచే వచ్చాయని చాలా మంది నమ్ముతారు కానీ దానికి ఆధారం లేదు. అమెరికా రాజధాని జిల్లా 1938లో ఎంచుకున్న జెండా మాత్రం అచ్చంగా ఈ డాలు బొమ్మే.

వార్టన్ నుంచి లారెన్స్ వాషింగ్టన్ అనే యువకుడు దక్షిణాన నార్తాంప్టన్‌కు వచ్చాడు. ఉన్ని వ్యాపారంలో రాణించాడు. 1532లోనూ 1545లోనూ పట్టణానికి మేయరయ్యాడు. ఎనిమిదో హెన్రీ అప్పటికి పోప్‌తో తెగతెంపులు చేసుకుని మఠాల ఆస్తులు లాక్కుని అమ్ముతున్నాడు. నార్తాంప్టన్‌లోని సెయింట్ ఆండ్రూ మఠానికి చెందిన సల్‌గ్రేవ్ భూమి అలా అమ్మకానికొచ్చింది. 1539లో లారెన్స్ దాన్ని 324 పౌండ్ల 14 షిల్లింగుల 10 పెన్నీలకు కొన్నాడు. అక్కడ కట్టిన సల్‌గ్రేవ్ మేనర్ ఇవాళ్టికీ ఉంది. వాకిలి మీద ఒకటో ఎలిజబెత్ రాణి చిహ్నం, ద్వారబంధం దగ్గర పట్టీలూ నక్షత్రాలూ చెక్కి ఉంటాయి.

భూమి ఇచ్చిన హోదా నాలుగు తరాలు కూడా నిలవలేదు. లారెన్స్ మునిమనవడు, అదే పేరుగల మరో లారెన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి పాదిరీ అయ్యాడు. 1630ల్లో ఎసెక్స్‌లోని పర్లీ చర్చి ఆయనకు దక్కింది. మంచి రాబడి ఉన్న చర్చి. ఇంతలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. వాషింగ్టన్ వారు రాజు పక్షం. 1643లో పార్లమెంటు వర్గం ఆయన్ని పదవి నుంచి తీసేసింది. సారా దుకాణాల్లోనే పొద్దు గడుపుతాడన్నది మోపిన నింద. ఎరిగినవాళ్లు కాదని చెప్పినా వినలేదు. ఆదాయం అంతంతమాత్రమైన మరో చర్చిలో కాలం వెళ్లదీసి, 1653 ప్రాంతంలో మాల్డన్‌లో పోయాడు. పెద్ద కొడుకు జాన్‌కు తండ్రి నుంచి చదువూ రాలేదు, భూమీ రాలేదు.

ఇసుకలో దిగబడిన ఓడ

జాన్ లండన్ చేరి సముద్ర వ్యాపారంలో దిగాడు. 1656 చివర్లో సీ హార్స్ అనే ఓడలో వర్జీనియాకు వచ్చాడు. అట్నుంచి సరుకు తెచ్చి దించి, ఇట్నుంచి పొగాకు నింపుకుని పోవడం పని. 1657 ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా పొటోమాక్ నదిలో ఓడ ఇసుకదిబ్బకు తట్టుకుంది. గాలివాన పట్టుకుని ఓడ మునిగింది, పొగాకంతా నీళ్లపాలైంది. ఓడను పైకి తీసి బాగుచేసేలోపు జాన్ మనసు మారింది. అక్కడి నథానియేల్ పోప్ అనే భూస్వామి ఇంట్లో పరిచయమైన ఆన్‌ను 1658లో పెళ్లాడాడు. మామగారు 700 ఎకరాలు ఇచ్చాడు.

అప్పట్లో వర్జీనియాలో మనిషిని తెచ్చి దింపినవాడికి తలకు 50 ఎకరాల చొప్పున భూమి రాసిచ్చేవారు. కూలికో, బానిసత్వానికో ఎవరిని తెచ్చినా లెక్కే. వాషింగ్టన్ వారి భూమి అలా వేల ఎకరాలకు పెరిగింది. 1674లో జాన్, మరొకరితో కలిసి పుచ్చుకున్న 5,000 ఎకరాల్లో ఒక భాగమే తర్వాత తొలి అధ్యక్షుడి ఎస్టేట్ మౌంట్ వెర్నన్ అయింది. పొగాకు మొక్క నేల సారాన్ని పీల్చేస్తుంది, మనుషుల చాకిరీనీ అంతే పీల్చుకుంటుంది. భూమి పెరిగిన కొద్దీ బానిసలూ పెరిగారు.

ఈ శాఖ అమెరికాలో నిలవకుండా పోయే ప్రమాదం ఒకసారి వచ్చింది. జాన్ కొడుకు లారెన్స్ 1698లో చిన్న వయసులోనే పోయాడు. భార్య మిల్డ్రెడ్ మళ్లీ పెళ్లి చేసుకుని, ముగ్గురు పిల్లలతో ఇంగ్లండ్‌లోని వైట్‌హేవెన్ రేవుకు వెళ్లిపోయింది. అక్కడ 1701లో కన్నుమూసింది. కొడుకు అగస్టిన్ యాపిల్‌బీ బడిలో చేరాడు. పిల్లల సంరక్షణ మీద వర్జీనియాలోని బంధువులు కోర్టుకెక్కి గెలవడంతో వాళ్లు తిరిగి వచ్చారు. ఆ తగాదా మరోలా తేలి ఉంటే అగస్టిన్ కంబర్లండ్ వాడిగానే బతికేవాడు. 1732లో వర్జీనియాలో ఆయన కొడుకు జార్జ్ పుట్టేవాడు కాదు.

జార్జ్ వాషింగ్టన్‌కు తన పూర్వుల మీద పెద్ద ఆసక్తి లేదు. లండన్‌లో వంశచిహ్నాల కొలువుకు పెద్ద సర్ ఐజాక్ హర్డ్ 1791లో ఆయనకు ఉత్తరం రాసి వంశవృక్షం వివరాలు అడిగాడు. అధ్యక్షుడు 1792 మేలో జవాబిచ్చాడు. ఈ విషయం తాను అంతగా పట్టించుకోలేదనీ, పూర్వులు ఉత్తరాది కౌంటీల నుంచి వచ్చారని వినడమేననీ, తనకు తెలిసిన నాలుగు ముక్కలు పంపాడు. హర్డ్ గీసిన వంశవృక్షంలో తప్పు దొర్లింది. వర్జీనియా వచ్చిన జాన్ ఎవరో, ఆయన అనుకున్న ఇంగ్లండ్ జాన్ ఎవరో! ఇద్దరూ వేరని 1866లో జోసెఫ్ చెస్టర్ నిరూపించాడు. పదవి పోగొట్టుకున్న పర్లీ పాదిరీయే అసలు తండ్రి అని 1889లో హెన్రీ వాటర్స్ తేల్చాడు. ఒక తెల్లవాడి ముత్తాత తండ్రి ఎవరో కనుక్కోవడానికి వీలునామాలు, చర్చి రిజిస్టర్లు, కోర్టు కాగితాలు అన్నీ ఉన్నా దాదాపు నూరేళ్లు పట్టింది.

ఒంటి పేర్ల జాబితా

అవే ఏళ్లలో మౌంట్ వెర్నన్‌లో బతికిన బానిసల సంగతి చూడాలి. తండ్రి అగస్టిన్ 1743లో పోయినప్పుడు జార్జ్ వయసు 11. అప్పుడే ఆయన వాటాకు పదిమంది బానిసలు వచ్చారు. 1799లో, చనిపోయే ఏడాది, ఎస్టేట్‌లోని బానిసల జాబితా తయారు చేశాడు. మొత్తం 317 మంది. అందులో 123 మంది ఆయనకు సొంతం, 153 మంది భార్య మార్తా మొదటి భర్త ఆస్తి కింద ఉన్నవాళ్లు, మిగతావాళ్లు పొరుగు నుంచి అద్దెకు తెచ్చినవాళ్లు. జాబితాలో దాదాపు అందరివీ ఒంటి పేర్లే. వయసు, పని, భార్య ఎవరు, భర్త ఎక్కడ, అన్నీ రాశాడు. ఇంటిపేరు మాత్రం లేదు.

వాళ్లకు ఇంటిపేర్లు లేవని దీనర్థం కాదు. చాలా తోటల్లో బానిసలు తమలో తాము ఇంటిపేర్లు పెట్టుకుని పిలుచుకునేవారు. దొర పుస్తకంలోకి మాత్రం అవి ఎక్కేవి కావు. ఇందుకు సాక్ష్యం జార్జ్ వాషింగ్టన్ వీలునామాలోనే ఉంది. స్వాతంత్ర్య యుద్ధకాలమంతా తన గుర్రం పక్కనే గుర్రం మీద వెంట నడిచిన సేవకుడు విలియమ్‌కు అందులో వెంటనే విముక్తి ఇచ్చి, ఏటా 30 డాలర్లు రాశాడు. ఆ పేరు రాసేటప్పుడు, ఈ మనిషి తనను విలియమ్ లీ అని చెప్పుకుంటాడని చేర్చాడు. విలియమ్‌ను 1768లో లీ వారి దగ్గరే కొన్నారు. తన సొంత మనిషి ఇంటిపేరును కూడా యజమాని అతను చెప్పుకునే మాటగా మాత్రమే రాశాడు. అయినా రాశాడు. చట్టం ఒప్పుకోని ఒక ఇంటిపేరు అలా కాగితం మీదికి వచ్చింది.

తన సొంతమైన 123 మందిని భార్య పోయాక విడుదల చేయాలని వీలునామాలో రాశాడు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న విడిచిపెట్టింది. మిగతా 153 మందికి ఆ అదృష్టం లేదు. ఎస్టేట్‌ను వారసత్వంగా పొందిన తమ్ముడి కొడుకు బుష్‌రాడ్ వాషింగ్టన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1821లో ఆయన తన బానిసల్లో 54 మందిని ఒకేసారి అమ్మేశాడు.

హ్యారీ వాషింగ్టన్ తిరుగు ప్రయాణం

ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వచ్చిన పేరు ఆఫ్రికాకు వెళ్లిన కథ ఒకటుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ. తెలియాల్సిన కథ ఇదే.

హ్యారీ గాంబియా ప్రాంతంలో 1740 దరిదాపుల్లో పుట్టాడు. 1763లో జార్జ్ వాషింగ్టన్ అతన్ని కొని, డిస్మల్ స్వాంప్ అనే బురదనేలలో కాలువలు తవ్వే పనిలో పెట్టాడు. తర్వాత మౌంట్ వెర్నన్‌కు తెచ్చాడు. 1771లో పారిపోయి దొరికిపోయాడు. 1775లో వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ లార్డ్ డన్‌మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు తమ వైపు వచ్చి పోరాడితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించాడు. 1776లో హ్యారీ మళ్లీ పారిపోయాడు. ఈసారి దొరకలేదు. బ్రిటిష్ సైన్యంలోని బ్లాక్ పయనీర్స్ దళంలో కార్పొరల్ అయ్యాడు. దొర ఒక సైన్యానికి సేనాని, సేవకుడు ఎదుటి సైన్యంలో సిపాయి.

యుద్ధం ముగిశాక న్యూయార్క్ ఖాళీ చేసే సమయంలో జార్జ్ వాషింగ్టన్ బ్రిటిష్ సేనాని గై కార్ల్‌టన్‌ను కలిసి, పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించమన్నాడు. మాట ఇచ్చినవాళ్లను వెనక్కి పంపడం కుదరదని కార్ల్‌టన్ తెగేసి చెప్పాడు. నష్టపరిహారం ఇవ్వాల్సొస్తే లెక్క ఉంటుందని, ఓడ ఎక్కుతున్న నల్లవారందరి పేర్లూ ఒక పుస్తకంలో రాయించాడు. దాదాపు 3,000 పేర్లు. 1783 జూలైలో లాబోండాన్స్ అనే ఓడ ఎక్కినవాళ్లలో హ్యారీ వాషింగ్టన్ ఉన్నాడు. వయసు 43, మునుపు జనరల్ వాషింగ్టన్ ఆస్తి, ఏడేళ్ల కిందట విడిచి వచ్చాడు అన్నది పద్దు సారాంశం. దొర జాబితాలో ఒంటి పేరుతో ఉన్న మనిషికి ఈ పుస్తకంలో ఇంటిపేరు కుదిరింది.

కెనడా తీరంలోని నోవా స్కోషియాలో వాళ్లకు దొరికింది చలీ, రాతినేలా, అరకొర పొలాలూ. 1792 జనవరిలో దాదాపు 1,200 మంది పదిహేను ఓడల్లో హాలిఫాక్స్ నుంచి సియెరా లియోన్‌కు బయల్దేరారు. ఫ్రీటౌన్ పట్టణం అలా నిలబడింది. హ్యారీ అక్కడ సేద్యం మొదలుపెట్టాడు. భూమికి శిస్తు కట్టమని ఆ వలసను పాలించే కంపెనీ ఒత్తిడి పెంచింది. పాలనలో తమ మాటకు చోటు లేదని వలస వచ్చినవాళ్లు 1800లో ఎదురుతిరిగారు. పట్టుబడినవాళ్లలో హ్యారీ కూడా ఉన్నాడు. అతన్ని నది అవతల బులమ్ తీరానికి వెళ్లగొట్టారు. అక్కడ చేరిన బహిష్కృతులకు అతనే ఒక నాయకుడయ్యాడు. పన్ను విషయంలో రాజునెదిరించిన జార్జ్ వాషింగ్టన్ పేరు దేశమంతా పెట్టుకున్నారు. అదే కారణానికి కంపెనీనెదిరించిన హ్యారీ వాషింగ్టన్‌కు ఒక రాతిపలక పాటి గుర్తింపైనా దక్కాలి కదా!

ఇటు అమెరికాలో తెల్ల వాషింగ్టన్ల శాఖ ఒకటి వర్జీనియా పడమటి కొండల వైపు స్థిరపడింది. చార్ల్స్‌టౌన్ అనే పట్టణం జార్జ్ తమ్ముడు చార్ల్స్ కట్టించిందే. 1859 అక్టోబర్‌లో బానిసల విముక్తి కోసం హార్పర్స్ ఫెర్రీ మీద దాడిచేసిన జాన్ బ్రౌన్ మనుషులు అదే రాత్రి దగ్గర్లోని లూయిస్ వాషింగ్టన్ ఇంటికి వెళ్లి ఆయన్ని బందీగా పట్టుకున్నారు. ఆ ఇంట్లో జార్జ్ వాషింగ్టన్ కత్తి ఉంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పంపాడని చెప్పుకునే కత్తి. దాన్ని ఆయన చేత్తోనే ఒక నల్ల మనిషికి, ఆస్బోర్న్ ఆండర్సన్‌కు, ఇప్పించారు. జాన్ బ్రౌన్ ముందే అలా ఆదేశించాడు. ఆ డిసెంబర్‌లో జాన్ బ్రౌన్‌ను ఉరితీసింది చార్ల్స్‌టౌన్‌లోనే.

బడిలో హాజరు పట్టీ

1865లో బానిసత్వం పోయింది. నలభై లక్షల మంది ఒక్కసారిగా చట్టం ముందు మనుషులయ్యారు. సైన్యంలో చేరాలన్నా, కూలి ఒప్పందం మీద గుర్తు పెట్టాలన్నా, పెళ్లి నమోదు చేసుకోవాలన్నా, బడిలో చేరాలన్నా ఇంటిపేరు కావాలి. కొందరు చివరి యజమాని పేరు ఉంచుకున్నారు. కొందరు మొదటి యజమాని పేరు తీసుకున్నారు, అమ్ముడుపోయిన తల్లో తండ్రో ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తే ఆ పేరుతో పట్టుకోగలరన్న ఆశతో. ఇంకొందరు రహస్యంగా తరాలుగా వాడుతున్న పేరును బయటపెట్టారు. కొత్త పేరు ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు.

వర్జీనియాలో 1856లో పుట్టిన బుకర్ అనే కుర్రవాడు చివరి కోవకు చెందినవాడు. విముక్తి వచ్చాక తల్లి పిల్లలను తీసుకుని పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్‌కు, భర్త దగ్గరికి చేరింది. అక్కడ ఉప్పు బట్టీలు. సవతి తండ్రి నింపిన పీపాల మీద 18 అని గుర్తు వేసేవారు. బుకర్ మొదట నేర్చుకున్న చదువు ఆ 18 అంకె. నల్లపిల్లలకు బడి తెరిచినా ఇంట్లో డబ్బు అవసరం. తెల్లవారుజామున బట్టీలో పనిచేసి తొమ్మిదింటికి బడికి పరిగెత్తే షరతు మీద సవతి తండ్రి ఒప్పుకున్నాడు. మిగతా పిల్లల తలల మీద టోపీలున్నాయి, వీడికి లేదు. కొనే స్తోమత లేని తల్లి రెండు ముతక గుడ్డ ముక్కలు కలిపి కుట్టి ఇచ్చింది.

టోపీ చిక్కు తీరింది. పేరు చిక్కు మిగిలింది. హాజరు పిలుస్తుంటే ఒక్కొక్కరికీ రెండేసి పేర్లున్నాయి, కొందరికి మూడు కూడా. తనకు బుకర్ ఒక్కటే. తన వంతు వచ్చేలోపు తేల్చుకోవాలి. పంతులు పూర్తి పేరు అడగగానే ఏ తడబాటూ లేకుండా, పుట్టినప్పటి నుంచి అదే అయినట్టు, బుకర్ వాషింగ్టన్ అని చెప్పేశాడు. తల్లి తనకు టాలియాఫెర్రో అని కూడా పేరు పెట్టిందని తర్వాత తెలిసి దాన్ని మధ్యలో చేర్చుకున్నాడు. ఆ కుర్రవాడే 1881లో అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టిన బుకర్ టి. వాషింగ్టన్. 1901లో వచ్చిన ఆత్మకథలో ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. పిల్లవాడి నోట ఆ పేరు రావడానికి అదీ కారణమై ఉండవచ్చు.

మిగతావాళ్లు ఈ పేరే ఎందుకు ఎంచుకున్నారు? మౌంట్ వెర్నన్ బానిసలంతా ఆ పేరు పెట్టుకున్నా లక్షల్లోకి పోదు. వర్జీనియాలో వాషింగ్టన్ వారి ఇతర శాఖల దగ్గర ఉన్నవాళ్లను కలిపినా చాలదు. నల్లపిల్లలకు వాషింగ్టన్ అన్నది చిన్నపేరుగా పెట్టడం బానిసకాలం నుంచే ఉంది. తండ్రి చిన్నపేరు కొడుకు ఇంటిపేరైన సందర్భాలు కొన్ని. వీటన్నిటికీ మించి, ఆ పేరు స్వతంత్రానికి గుర్తుగా దేశమంతా మోగుతున్న పేరు. కొత్తగా పౌరులైనవాళ్లు దేశంలో తమకూ వాటా ఉందని చెప్పుకోవడానికి ఇంతకంటే గట్టి పేరు లేదు. జార్జ్ వాషింగ్టన్ బానిసల యజమాని అని వాళ్లకు తెలియదనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే. బానిసలను విడిచిపెట్టమని వీలునామా రాసిన సంగతీ వాళ్లకు తెలిసే ఉండవచ్చు.

ఊరు కట్టిన జార్జ్ వాషింగ్టన్

1853లో పసిఫిక్ తీరాన కొత్త సీమ ఏర్పడినప్పుడు అక్కడివాళ్లు అడిగిన పేరు కొలంబియా. రాజధాని ఉన్న కొలంబియా జిల్లా పేరుతో కలగాపులగం అవుతుందని కాంగ్రెస్ దాన్ని వాషింగ్టన్‌గా మార్చింది. ఇవాళ రెడ్‌మండ్, సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు చిరునామాలో రాసే రాష్ట్రం అదే. అదే నేల మీద జార్జ్ వాషింగ్టన్ అనే నల్ల మనిషి ఒక ఊరు కట్టాడు.

1817లో వర్జీనియాలో పుట్టాడాయన. తండ్రి బానిస, తల్లి తెల్లామె. కాక్రన్ అనే తెల్ల దంపతులు పెంచుకున్నారు. వాళ్లతో కలిసి మిస్సోరీకి, 1850లో బండ్లు కట్టుకుని ఓరెగన్‌కు వెళ్లాడు. అక్కడి చట్టం నల్లవారికి భూమి దక్కనివ్వదు. అందుకని ఆయన ఎంచుకున్న 640 ఎకరాలను పెంపుడు తల్లిదండ్రులు తమ పేరున తీసుకున్నారు. కొత్త సీమ విడిపోయాక, ఆ నిషేధం లేకపోవడంతో, ఆయన 3,200 డాలర్లిచ్చి సొంతం చేసుకున్నాడు. రైలు దారి వచ్చాక 1875లో భార్య మేరీ జేన్‌తో కలిసి భూమిని ప్లాట్లుగా వేసి, చవగ్గా అమ్మి, చర్చికీ పార్కుకూ శ్మశానానికీ చోటు వదిలి ఊరు నిలిపాడు. ఇప్పుడది సెంట్రాలియా. 1893లో బ్యాంకులు కూలి జనం పస్తులుంటే ఆయన బండ్ల మీద తిండి గింజలు తెప్పించి పంచాడు, పని కల్పించాడు, ప్లాట్ల బాకీల కోసం ఎవరినీ పీడించలేదు. 1905లో పోయాడు.

రాజధాని నగరానికి స్వపాలన తిరిగి వచ్చాక మొదటి మేయరు ఇంటిపేరు కూడా వాషింగ్టనే. వాల్టర్ వాషింగ్టన్‌ను 1967లో నగర పాలకుడిగా నియమించారు. 1974 ఎన్నికల్లో జనమే ఆయన్ని గెలిపించారు. నల్లవాడు. 1983లో షికాగో తొలి నల్ల మేయరుగా గెలిచినవాడు హెరాల్డ్ వాషింగ్టన్. నటుడు డెంజల్ వాషింగ్టన్ 1954లో పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్ పట్టణంలో.

తమ తాతముత్తాతల్లో ఈ పేరు మొదట పెట్టుకున్నదెవరో తెలుసుకోవాలని ఇవాళ వేల కుటుంబాలు వెతుకుతున్నాయి. ఆ వెతుకులాట 1870 దగ్గర గోడకు తగులుతుంది. విముక్తులందరినీ పేరుపేరునా రాసిన మొదటి జనాభా లెక్క అదే. 1850, 1860 నాటి బానిసల జాబితాల్లో యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు ఉంటాయంతే. ఆ గోడ అవతలకు దారి చూపేవాటిలో ఒకటి ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు కాగితాలు. 1865లో పెట్టిన ఆ బ్యాంకు 1874లో మూతపడి, 61,000 మంది కష్టార్జితం దాదాపు 30 లక్షల డాలర్లు ముంచింది. ఖాతా తెరిచేటప్పుడు గుమాస్తాలు నింపిన పత్రాలు మాత్రం మిగిలాయి. ఎక్కడ పుట్టారు, పాత దొర ఎవరు, తల్లిదండ్రులెవరు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు అన్న గళ్లు వాటిలో ఉన్నాయి. అమ్ముడుపోయి ఎటో వెళ్లిన తోబుట్టువుల పేర్లు చాలా వాటిలో కనిపిస్తాయి. యూటా రాష్ట్ర జైలులోని ఖైదీలు పదకొండేళ్లు స్వచ్ఛందంగా కూర్చుని, ఆ పత్రాల్లోని దాదాపు 4,80,000 పేర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 2001లో అవి అందరికీ అందుబాటులోకి వచ్చాయి.